గంటకు పదిహేను వందలు

జూన్ 1

అమ్మాయీ,

మీ పిన్ని రాస్తున్నాను. కవరు మీద నా రాత చూసి ఎవరికేమైందోనని గాభరా పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. మీ అమ్మ బాగుంది, మీ బాబాయి బాగున్నాడు, నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఫోన్లో అడగలేని సంగతి ఒకటుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఎందుకు అడగలేనంటావా? కొట్లో కుట్టు మిషన్లు నడుస్తుంటే ఫోన్ సరిగ్గా వినబడదు, స్పీకరు పెట్టాలి. స్పీకరు పెడితే మీ అమ్మ వింటుంది. పక్క వాటాలోనే ఉంటుంది కదా, ఇంట్లో ఒక్కతీ తోచడం లేదని పొద్దున్న నేను కొట్టు తెరిచేసరికే వచ్చి, బట్టలు కత్తిరించే బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. సాయంత్రం నాతోనే లేస్తుంది. పోనీ మెసేజీ పెడదామంటే నా ఫోను సగం రోజు మా పిడుగు చేతిలోనే ఉంటుంది. నేను అడగబోయేది ఆ పిడుగు గురించే.

నీ చెల్లెలికి డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు దాని చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి బ్యాంకు ఉద్యోగం. జూలైలో చేరమన్నారు, నెలకు నలభై రెండు వేలు. రెండోది రెండేళ్ళ చదువు. నీ చదువే, పిల్లల సైకాలజీ. రెండు చోట్లా జూన్ ముప్పై లోపల అవుననో కాదనో చెప్పాలట. దాని మనసంతా నీ చదువు మీదే ఉంది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు నువ్వు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఊసులు చెప్పించుకునేదానివి చూడు, అప్పట్నుంచీ అంతే. మీ బాబాయి మాత్రం నిద్రలో కూడా బ్యాంకు బ్యాంకు అని కలవరిస్తున్నాడు. బస్సు నడిపే మనిషి కదా, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి చేరుతుందో తెలియనిదే ఆయనకు ఏదీ నచ్చదు.

ఇక నా సంగతి. దాన్ని చదివించడానికి నా దగ్గరున్నదల్లా కాజా మిషన్. చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు కుడుతుంది చూడు, గోడ వైపు ఉంటుంది, అదే. పక్క వీధి టైలరు దాన్ని అమ్ముతావా అని ఆర్నెల్లుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. అది అమ్మితే మొదటి ఏడాది ఫీజు వస్తుంది. బళ్ళు తెరిచి యూనిఫారాలు మీద పడే రోజుల్లో అది లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే. అయినా అమ్ముతాను. కానీ ఆ చదువు చదివితే దానికి ఇంత అన్నం దొరుకుతుందని ఎవరో ఒకరు నాకు గట్టిగా చెప్పాలి.

అందుకే అడుగుతున్నాను, మొహమాటపడకుండా చెప్పు. పిల్లల సైకాలజిస్టులకు ఎంతొస్తుంది? లోకంలో వాళ్ళ సంగతి కాదు, నీకు ఎంతొస్తుంది? తొంభై వేలని మీ అమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెబుతోంది. చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన మనిషికి, నేను మెడ కొలత తీసేలోపల నీ జీతం తెలిసిపోతుంది. కానీ మీ అమ్మ సంగతి నీకు తెలుసు. నా మోకాలి నొప్పిని కూడా ఊళ్ళో ఇంకెవరికీ లేనంత పెద్దది చేసి చెబుతుంది. నీ నోటితో చెబితే నమ్ముతాను.

కొట్టు అడ్రసుకే రాయి. జవాబు కోసం వీధి వైపు చూస్తూ కుడితే కుట్టు వంకర పోతుంది, కాబట్టి తొందరగా రాయి.

మీ పిన్ని

జూన్ 6

పిన్నీ,

నీ ఉత్తరం ఆసుపత్రికి పట్టుకెళ్ళి మధ్యాహ్నం డబ్బా తెరుచుకుని తింటూ మళ్ళీ చదివాను. మెడ కొలత మాట దగ్గర పొలమారింది.

ముందు నీకు థాంక్స్ చెప్పాలి. పోయినసారి నువ్వు సంచిలో వేసిచ్చిన విడి గుండీలు ఇప్పుడు నా గదిలో అన్నిటికంటే గిరాకీ ఉన్న వస్తువు. గది అంటే పెద్దగా ఊహించుకోకు. ఒకప్పుడు అందులో దుప్పట్లు దాచేవారట. ఒక్కటే కిటికీ, అదీ నెత్తి మీద ఉంటుంది. పొట్టి బల్ల, నాలుగు పొట్టి కుర్చీలు. పిల్లలతో వచ్చిన పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చోవాలి, నేనూ అంతే. ఆరేళ్ళ పాప ఒకతె నాలుగు వారాలుగా వస్తోంది. బడిలో ఎవరితోనూ మాట్లాడదని తీసుకొచ్చారు. నా దగ్గరా మాట్లాడలేదు. గుండీల డబ్బా మూత తీసి, రంగులను బట్టి కాకుండా చిల్లులను బట్టి వేరు చేయడం మొదలుపెట్టింది. రెండు చిల్లులవి ఒక కుప్ప, నాలుగు చిల్లులవి ఒక కుప్ప. నేనూ పక్కన కూర్చుని వేరు చేశాను. మూడు వారాలు ఇదే పని. మొన్న మంగళవారం నేనొకటి తప్పు కుప్పలో వేశాను. "అది నాలుగుది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచి వెళ్ళాను, అంత సంతోషం వేసింది.

ఇక నువ్వడిగింది. ఎంతొస్తుందంటే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం పిన్నీ. ఆసుపత్రుల్లో ఒక లెక్క, బళ్ళలో ఒక లెక్క, సొంతంగా బోర్డు పెట్టుకున్నవాళ్ళది ఇంకో లెక్క. కొత్తగా చేరినప్పుడు తక్కువే ఉంటుంది, అనుభవాన్ని బట్టి పెరుగుతుంది. నేను వారానికి రెండు సాయంత్రాలు ఒక ప్రైవేటు క్లినిక్‌లో కూడా పిల్లల్ని చూస్తాను. అక్కడ గంటకు పదిహేను వందలు తీసుకుంటారు. దాన్ని బట్టి నువ్వే ఒక అంచనాకు రావచ్చు.

చెల్లి తెలివైనది, ఏ దారిన వెళ్ళినా బాగుపడుతుంది. దానికి ఏది ఇష్టమైతే అది చెయ్యనివ్వు.

అమ్మ మందులు వేళకు వేసుకుంటోందా? నా జీతం మాట మాత్రం అమ్మ దగ్గర ఎత్తకు. ఇవన్నీ చెబితే ఆవిడకు అయోమయంగా ఉంటుంది.

నీ అక్క కూతురు

జూన్ 11

అమ్మాయీ,

నువ్వు గుండెలు తీసిన బంటువి. నీ ఉత్తరం చదివాక ఒక పూటంతా మిషన్ తొక్కలేకపోయాను.

నన్నే అంచనాకు రమ్మన్నావు కదా, వచ్చాను. బిల్లు పుస్తకం అట్ట వెనక లెక్క వేశాను. గంటకు పదిహేను వందలు. నేను రోజుకు పది గంటలు కూర్చుంటాను, నాకంటే చిన్నదానివి, నువ్వూ కూర్చోగలవు. నెలకు ఇరవై ఆరు రోజులు. మూడు లక్షల తొంభై వేలు తేలింది. చొక్కాల లెక్క నాకెప్పుడూ తప్పదు, ఇదేమన్నా తప్పిందేమోనని మీ బాబాయి చేత కూడా వేయించాను. ఆయనకూ అంతే వచ్చింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి పడుకున్నాడు. అప్పట్నుంచి బ్యాంకు మాట ఎత్తడం లేదు. ఇది గాక ఆసుపత్రి జీతం ఒకటి ఉంది కదా, రెండూ ఒకేసారి ఎలా చేస్తావో నాకు తెలియదు గానీ నువ్వు చేస్తావు, చిన్నప్పట్నుంచీ అలాంటిదానివే.

మీ అమ్మకు తొంభై అని చెప్పి మిగతాది ఎందుకు దాచావో నాకు ఇట్టే అర్థమైంది. ఉన్నదంతా చెబితే ఆవిడ మైకు పెట్టి చెబుతుంది.

అయితే ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఎవరో చెబితే తెలిసే కంటే నేను చెప్పడమే మంచిది. అమ్మ దగ్గర ఎత్తకు అని నువ్వు రాశావు, నిజమే. మొన్న ఒకాయనకు ప్యాంటు కొలతలు తీస్తున్నాను. మీ అమ్మ మామూలుగానే మొదలుపెట్టింది, మా అమ్మాయికి తొంభై వేలు అని. నా నోరు ఊరుకోలేదు. "తొంభై ఏమిటక్కా, నీ కూతురు నీకు కూడా సరిగ్గా చెప్పలేదు. నాలుగు లక్షలకు పది వేలు తక్కువ" అనేశాను. నీ గొప్ప చెబుదామనే అన్నాను. ఆ మనిషి వెళ్ళాక మీ అమ్మ కుర్చీ మడిచి గోడకు ఆనించి ఇంటికి వెళ్ళిపోయింది. రెండు రోజులుగా కొట్టుకు రావడం లేదు. నేను వెళ్ళి బతిమాలితే ఒకటే మాట, "నా దగ్గర దాచుకునేంత పరాయిదాన్నయ్యానా దానికి?" అని. నువ్వు ఫోన్ చేసి నాలుగు మంచి మాటలు చెప్పు, సర్దుకుంటుంది.

మంచి కబురు కూడా ఉంది. కాజా మిషన్ బేరం ఖాయం చేశాను. పద్దెనిమిదో తారీఖున బండి తెచ్చుకుని పట్టుకుపోతాడు. ఆ సంగతి చెప్పగానే మా పిడుగు నన్ను ఎత్తి తిప్పబోయింది. నా బరువు దానికి తెలియదు, ఇద్దరం వెళ్ళి యూనిఫారం బట్ట తానుల మీద పడ్డాం. ఇంత నవ్వు ఈ కొట్లో ఈ మధ్య వినలేదు.

నీ ధైర్యం చూసుకునే ఇదంతా చేస్తున్నాను సుమా.

నాలుగు లక్షల దాని పిన్ని

జూన్ 15

పిన్నీ,

మిషన్ అమ్మకు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆ టైలరుకు ఆగమని కబురు పెట్టు.

నాలుగుసార్లు ఫోన్ చేశాను. అమ్మ ఎత్తడం లేదు. నీ ఫోన్ చెల్లి ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే "అక్కా, మిషన్ అమ్మేస్తున్నాం, నేను నీలాగే అవుతాను" అంది. దాని గొంతు విన్నాక బాగా చదువుకో అని పెట్టేశాను. రోజంతా పిల్లలకు ధైర్యం చెప్పే మనిషిని, దానికి ఒక్క అంకె చెప్పలేకపోయాను. సిగ్గేసింది పిన్నీ.

పదిహేను వందల సంగతి విను. నువ్వు చొక్కా కుట్టే గంటా నేను పిల్లాడితో కూర్చునే గంటా ఒకటి కాదు. నా ఒక్కో గంట వెనకా ఇంకో గంట ఉంటుంది. ఏం జరిగిందో రాసుకోవాలి, బడి వాళ్ళతో మాట్లాడాలి, తల్లీ తండ్రీ విడివిడిగా వచ్చి ఒకరి మీద ఒకరు చెప్పేది వినాలి. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. క్లినిక్‌లో నేనుండేది వారానికి ఆరు గంటలే. అందులో రెండు గంటలు, పిల్లాడికి జలుబు చేసిందనో, చుట్టాలొచ్చారనో ఎవరూ రాక ఖాళీగా పోతాయి. వచ్చిన ప్రతి పదిహేను వందల్లోనూ ఆరు వందలు క్లినిక్ వాళ్ళు ఉంచుకుంటారు. అన్నీ పోగా నెలకు పద్నాలుగు వేలు. ఆసుపత్రి జీతం ముప్పై ఎనిమిది వేలు. రెండూ కలిపితే యాభై రెండు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాక, నాకు వచ్చేది అంత.

తొంభై వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటావా? నేనే చెప్పాను. ఎనిమిదేళ్ళ క్రితం ఆ పెద్ద బడిలో ఉద్యోగం మానేసినప్పుడు. అక్కడ డెబ్భై ఇచ్చేవారు. ఆసుపత్రిలో చేరుతున్నానని ఫోన్ చేస్తే, ఎందుకు మానేశావని అమ్మ అడగలేదు, అక్కడ ఎంతిస్తారే అంది. ముప్పై అంటే ఆవిడ గుండె ఆగుతుందనిపించింది. తొంభై అనేశాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను. మర్నాటికల్లా ఊరంతా చెప్పేసింది. ఇక ఎలా చెప్పను? తొంభై వచ్చే మనిషి పంపినట్టే అమ్మకు నెలనెలా డబ్బు పంపుతున్నాను. దాని కోసం ఆదివారాలు ఇంకొకళ్ళ రిపోర్టులు కూడా రాసిపెడుతున్నాను.

నీ మొదటి ఉత్తరానికే ఇదంతా రాయాల్సింది. అమ్మ చెవిన పడుతుందని భయపడి నీళ్ళు నమిలాను. నీకు అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఒక నిజం ముక్క మాత్రం విసిరాను. అది అబద్ధం కంటే ఎక్కువ పని చేసింది.

రెండు కోరికలు. అమ్మకు ఏమీ చెప్పకు, నేను దారి ఆలోచిస్తాను. చెల్లికి కూడా ఈ అంకె నువ్వు చెప్పకు, నేనే నెమ్మదిగా చెబుతాను.

నీ అక్క కూతురు

జూన్ 20

అమ్మాయీ,

నీ ఉత్తరం నిన్న అందింది. మిషన్ మొన్ననే వెళ్ళిపోయింది.

నెమ్మదిగా చెబుతానన్నావు కదా, ఆ పని కూడా అయిపోయింది. పోయిన వారం ఇస్త్రీ పెట్టె నా కళ్ళజోడు మీద పెట్టాను. కొత్తది ఇంకా రాలేదు, ఈ ఉత్తరం కూడా మీ బాబాయి కళ్ళజోడుతో రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ పోతే ఏమనుకోకు. పోస్టుమాన్ కవరు ఇవ్వగానే, సంతోషం కబురే కదా అని పిడుగు చేతికిచ్చి చదవమన్నాను. మీ అమ్మ అక్కడ లేదు, అదొక్కటే అదృష్టం. మిషన్ అమ్మకు అన్న దగ్గరే దాని గొంతు తగ్గింది. అయినా ఆపలేదు. యాభై రెండు చదివింది, తొంభై చదివింది, చెల్లికి నువ్వు చెప్పకు అన్నది కూడా చదివింది. చివరిదాకా చదివి, మడతలు ఎలా ఉన్నాయో అలాగే మడిచి బల్ల మీద పెట్టి, "కాలర్లు ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

రాత్రి అన్నాల దగ్గర మాత్రం బయటపడింది. "నాకు చెప్పొద్దంది. నాకు! నేను ఆ పనికి సరిపోననే కదా" అని. అలా కాదే, అంకె చెప్పడానికి సిగ్గుపడింది అంటే వినదు. బాగా చదువుకో అని ఫోన్లో ఒక్క మాట అని పెట్టేశావట, అది కూడా లెక్కలోకి తెచ్చింది. మీ బాబాయి మళ్ళీ బ్యాంకు అందుకున్నాడు. "చూశావా, మొదటి నెలే నలభై రెండు. అక్కడ పన్నెండేళ్ళకు యాభై రెండు" అని. ఆయన్ని ఏమీ అనడానికి లేదు, ఈసారి లెక్క సరిగ్గానే వేశాడు.

నేను నీ మీద కోపంగా ఉన్నాను. దాచుకోను, చెప్పేస్తున్నాను. మొదటి ఉత్తరంలోనే యాభై రెండు అని రాస్తే నా మిషన్ నా కొట్లో ఉండేది. ఇప్పుడేం చేస్తున్నానో తెలుసా? రెండు వందల యూనిఫారం చొక్కాలు, చొక్కాకు ఏడు కాజాలు. అవన్నీ మూట గట్టి ఆ టైలరు కొట్టుకు మోసుకెళ్ళి, నా మిషన్ మీదే, నా కళ్ళ ముందే, కాజాకు ఇంత అని డబ్బిచ్చి కుట్టించుకొస్తున్నాను. వాడు దానికి నూనె కూడా సరిగ్గా వెయ్యడం లేదు. నిన్న చెప్పి వేయించాను.

మీ అమ్మ ఇంకా ముఖం మాడ్చుకునే ఉంది. నువ్వు లక్షలు దాచావనే అనుకుంటోంది. నువ్వు చెప్పొద్దన్నావని నేను నోరు కుట్టేసుకున్నాను. ఇన్నాళ్ళలో నేను చేసిన కష్టమైన కుట్టు ఇదే.

ఇంక పది రోజులుంది. అది అవును అనాలా, కాదు అనాలా? ఈసారి అంచనాకు రమ్మనకు. ఉన్నదున్నట్టు రాయి.

పిన్ని

జూన్ 24

పిన్నీ,

నువ్వు కోప్పడ్డది న్యాయమే. ఏం రాసినా నీ మిషన్ వెనక్కి రాదని తెలుసు.

ఈ ఉత్తరం చెల్లి చేతే చదివించుకో. దానికే రాస్తున్నాననుకో.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. చదువు అయ్యాక మొదటి ఉద్యోగంలో పాతిక వేలు వస్తాయి, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఐదేళ్ళకు నలభై దాటితే బాగా చేస్తున్నట్టు. డబ్బున్న బళ్ళలో అరవై, డెబ్భై ఇస్తారు. సొంతంగా బోర్డు పెట్టుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళకు లక్ష దాటుతుంది. నాతో చదివిన పదకొండు మందిలో అలా ఇద్దరున్నారు. ముగ్గురు ఈ పనే మానేశారు. మిగతావాళ్ళం నాలాగే ఉన్నాం.

డెబ్భై వేలు ఎందుకు వదిలేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పదేళ్ళ పిల్లాడొకడు వాళ్ళ నాన్న ఉద్యోగం పోయిందని నాతో చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారట, అందుకని కడుపునొప్పి వచ్చి పడుకునేవాడు. నాతో చెప్పాక నొప్పి తగ్గింది. నేనెవరికీ చెప్పలేదు, నా పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం తిరక్కుండా ఆఫీసు వాళ్ళు ఆ పిల్లాణ్ణి పిలిచి, మీ నాన్న ఈసారి ఫీజు కడతాడా అని అడిగారు. నా బీరువా తాళం చెవి ఇంకొకటి ఆఫీసులో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. వాడు నా గది ముందునుంచి వెళ్తూ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఆ నెలాఖరుకు మానేశాను. ఇక్కడ దుప్పట్ల గదే అయినా తాళం చెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంటుంది.

చెల్లీ, నువ్వు సరిపోవని నేనెప్పుడూ అనుకోలేదు. నీకు చెప్పొద్దన్నది నా పరువు కోసం. ఇంట్లో నన్ను చూసి పెరిగింది నువ్వొక్కదానివే, నీ కళ్ళలో చిన్నబోతానని భయపడ్డాను. చేరమని చెప్పను. వద్దని కూడా చెప్పను. నువ్వు బ్యాంకులో చేరితే నాకు బాధగా ఉంటుంది, ఆ బాధ నీ మీద పెట్టే హక్కు నాకు లేదు. అంకెలన్నీ ఇప్పుడు నీ ముందున్నాయి, అన్నీ నిజమైనవే.

పిన్నీ, అమ్మకు కూడా ఈ రోజే ఉత్తరం వేశాను. ఇంటి అడ్రసుకే. మొదటి వాక్యంలోనే యాభై రెండు వేలని రాశాను, కింద మిగతా సంగతులు. అది అందేదాకా ఇంకొక్క రెండు మూడు రోజులు నోరు కుట్టుకో.

నీ అక్క కూతురు

జూలై 1

అమ్మాయీ,

నా కళ్ళజోడు వచ్చింది, మీ బాబాయి కళ్ళు ఆయనకిచ్చేశాను.

ముందు మీ అమ్మ సంగతి. శనివారం నీ ఉత్తరం అందింది. ఆ రోజంతా తలుపు వేసుకునే ఉంది. ఆదివారం మధ్యాహ్నం కొట్టుకు వచ్చింది. నేనూ పిడుగూ చొక్కాలకు గుండీలు కుడుతున్నాం. కుర్చీ తెరుచుకుని కూర్చుని, ఒక చొక్కా ఒళ్ళో వేసుకుని, నాకూ ఒక సూది ఇవ్వు అంది. పుట్టి బుద్ధెరిగి మీ అమ్మ సూది పట్టగా నేను చూడలేదు. మూడు గుండీలు కుట్టింది. మూడూ వేలాడుతున్నాయి. నాలుగోది కుడుతూ తలెత్తకుండా అంది, "ఊళ్ళో పిల్లలందరి చేతా మాట్లాడిస్తుంది. నా దగ్గర దానికి ఎనిమిదేళ్ళు నోరు రాలేదు. నేనంత భయపెట్టానా?" అని. నేను కాదన్నాను. అయినా ఆవిడ అడిగింది నన్ను కాదు. తర్వాత కళ్ళు తుడుచుకుంటే ఆ తడి చొక్కాకు అంటింది, మళ్ళీ ఇస్త్రీ చెయ్యాల్సి వచ్చింది. లక్షలు దాచావన్న కోపం మాత్రం పూర్తిగా పోయింది. ఇప్పుడు ఆదివారాలు నువ్వు రాసే రిపోర్టుల గురించి నన్ను తిడుతోంది, ఎందుకో నాకు తెలియదు. నెలనెలా పంపే దాని సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, మధ్యలో నేను రాను. ఇప్పటిదాకా వచ్చింది చాలు.

ఇక పిడుగు సంగతి. నీ ఉత్తరం మూడుసార్లు చదువుకుంది. నాకు వినిపించింది ఒక్కసారే. ముప్పయ్యో తారీఖు పొద్దున్న రెండు కాగితాలూ బల్ల మీద పరిచి కూర్చుంది. మీ బాబాయి బస్సుకు టైమైనా కదల్లేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన బస్సు ఆలస్యంగా బయల్దేరింది. "తొందరపడకు" అంటాడు, గడియారం చూస్తాడు. అదేమో నన్ను అడిగింది, "అమ్మా, యాభై రెండు వేలకు ఎనిమిదేళ్ళుగా అబద్ధం చెప్పుకుంటూ, ఆదివారం కూడా పని చేస్తూ, అక్క ఆ ఉద్యోగం ఎందుకు మానలేదంటావు?" అని. నాకేం తెలుసే అన్నాను. "బాగోని ఉద్యోగం కోసం ఎవరూ అంత అవస్థ పడరు" అంది. బ్యాంకు కాగితం మడిచి వాళ్ళ నాన్న చేతికిచ్చి, నీ చదువు కాగితం మీద సంతకం పెట్టింది. మీ బాబాయి ఆ మడిచిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పారేయలేదు, రాత్రి ఇంటికొచ్చాక బట్టల పెట్టెలో దాచాడు, నేను చూశాను.

నాకు భయం లేదని కాదు. మొదటి జీతం పాతిక వేలని తెలిసి చేరుతోంది, నేను తెలిసే పంపుతున్నాను. నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. యూనిఫారాల పని అయ్యేసరికి పోతుంది.

ఈ కాగితం కింద కాస్త చోటు వదలమంది మీ అమ్మ. నన్ను చూడనివ్వనంది, అటు తిరిగి కూర్చున్నాను.

పిన్ని

తల్లీ,

నీ ఉత్తరం చదివాను. నేను మీ పిన్నిలా రాయలేను. ఇన్నేళ్ళూ ఫోన్ చేసిన ప్రతిసారీ ఎంతొస్తోంది, పెంచారా అనే అడిగాను. అక్కడ నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తావో ఒక్కసారీ అడగలేదు. మొన్న కొట్లో ఒకావిడ, మీ అమ్మాయి చేసే పనేమిటండీ అంటే చెప్పడానికి నాకు తెలియలేదు. ఆదివారం ఫోన్ చెయ్యి. పొద్దున్నే మొదటి పిల్లో పిల్లాడో నీ గదిలోకి వచ్చి కూర్చుంటారు కదా, అప్పుడు నువ్వు ముందు ఏమంటావు? అక్కణ్ణుంచి చెప్పు.